ఎప్పుడూ నేర్చుకుంటూనే...

కొత్త నిబంధనలో తిమోతికి రాసిన రెండో పత్రిక ఉంది. దాని మూడో అధ్యాయం ఏడో వచనంలో 'మంథనొంత' అనే గ్రీకు మాట వస్తుంది. 'నేర్చుకుంటూ ఉన్న' అని దాని అర్థం. అక్కడ నేర్చుకుంటూ ఉన్నవాళ్ళు స్త్రీలు. ఇళ్ళలోకి మెల్లగా జొరబడి ఆడవాళ్ళని వశపరచుకునే దొంగ బోధకుల గురించి హెచ్చరిస్తూ, అలా వశమైపోయేవాళ్ళు ఎలాంటివాళ్ళో ఆ రచయిత చెప్తాడు. వాళ్ళు ఎప్పుడూ నేర్చుకుంటూనే ఉంటారట. సత్యం తెలిసే చోటికి మాత్రం ఏనాటికీ చేరలేరట.

గోదావరి డెల్టాలో క్రైస్తవ కుటుంబంలో పుట్టినదాన్ని కాబట్టి ఈ వచనం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఏ ఆడమనిషైనా నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడిగితే పెద్దవాళ్ళు నవ్వుతూ దీన్ని గుర్తుచేసేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి తెలుగు వ్యాకరణం చెప్పి రిటైరయ్యాక గ్రీకు నేర్చుకోవడం మొదలుపెట్టాను. "ఈ వయసులో నీకెందుకమ్మా ఇదంతా? ఏం పరీక్ష రాస్తావు?" అని మా వాళ్ళు అడిగారు. సరిగ్గా ఆ వచనంలోని ఆడవాళ్ళ జాబితాలో నేనూ చేరానన్నమాట. అందుకే అన్నిటికంటే ముందు ఆ మాటనే పట్టుకుని కూర్చున్నాను.

దీని ధాతువు మంథనో, నేర్చుకోవడం. వినడానికి మన మంథనంలా ఉన్నా ఆ రెండింటికీ చుట్టరికం లేదు. శిష్యుడు అనే అర్థంలో సువార్తల్లో అడుగడుగునా కనిపించే 'మథేతేస్' దీని నుంచే వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ మ్యాథమెటిక్స్‌కీ మూలం ఇదే. మంథనొంత అనేది మనం తెలుగులో శత్రర్థకం అనే 'నేర్చుకుంటూ'కి దగ్గరగా ఉండే రూపం. అయితే ఒక పెద్ద తేడా ఉంది. మన 'నేర్చుకుంటూ'కి లింగం లేదు, వచనం లేదు. వాడు నేర్చుకుంటూ, ఆమె నేర్చుకుంటూ, వాళ్ళు నేర్చుకుంటూ, అన్నిటికీ ఒకటే. గ్రీకులో అలా కుదరదు. నేర్చుకునేది పురుషుడైతే మంథనోన్, స్త్రీ అయితే మంథనూస. మంథనొంత ఈ రెండూ కాదు. అది నపుంసక బహువచనం.

స్త్రీల గురించి చెప్తూ నపుంసకం ఎందుకొచ్చింది? ఆ రచయిత స్త్రీ అనే మామూలు మాట వాడలేదు. 'గునైకారియా' అన్నాడు. అంటే చిన్ని ఆడవాళ్ళు, ఆడంగులు అనే ఈసడింపు. గ్రీకులో అలా చిన్నది చేసి చెప్పే మాటలు ఎక్కువగా నపుంసకంలోనే ఉంటాయి. ముద్దుగా పిలిచే చంటిబిడ్డ మాటైనా అంతే. కాబట్టి నపుంసకమే తిట్టు అనలేం. తిట్టు ఆ చిన్నతనంలో ఉంది. విశేషణం దాన్ని అనుసరించక తప్పదు కాబట్టి వాళ్ళ నేర్చుకోవడం కూడా నపుంసకమైపోయింది. తెలుగు బైబిలు వాళ్ళని 'అవివేక స్త్రీలు' అంది. అంటే చిన్నతనాన్ని తెలివితక్కువతనంగా మార్చింది. విచిత్రమేమిటంటే, ఇదే మంథనొంత అనే రూపం వేరే వాక్యంలో కర్మగా వస్తే 'నేర్చుకుంటున్న ఒక పురుషుణ్ణి' అని కూడా అర్థమిస్తుంది. అక్షరాలన్నీ అవే. ఎవరి పక్కన నిలబడిందన్నదే తేడా.

లింగం విషయంలో తెలుగువాళ్ళం నిశ్చింతగా ఉండటానికి లేదు. మన అసమాపక క్రియ ఎవరినీ వేరు చేయదు కానీ వాక్యం ముగిసే చోట అసలు సంగతి బయటపడుతుంది. 'అతను నేర్చుకున్నాడు', 'ఆమె నేర్చుకుంది', 'చిలక నేర్చుకుంది'. ఏకవచనంలో స్త్రీని అమహత్తుతో కలిపేశాం. పదిమంది ఆడవాళ్ళు కలిస్తేనే 'నేర్చుకున్నారు' అని మనుషుల్లో చేరతారు. ఈ సూత్రాన్ని ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో లెక్కలేదు. ప్రతిసారీ వెనక బెంచీలో ఎవరో ఒక అమ్మాయి తలెత్తి చూసేది.

'ఎప్పుడూ నేర్చుకుంటూ ఉండటం' అనేది గ్రీకువాళ్ళ దృష్టిలో నిందేనా అని నాకు సందేహం వచ్చింది. క్రీ.పూ. 6వ శతాబ్దపు ఏథెన్సు శాసనకర్త, కవి సోలోన్ దగ్గర దీనికి జవాబు దొరికింది. తాను ముసలివాడవుతూ కూడా ఎల్లవేళలా ఎన్నో విషయాలు నేర్చుకుంటున్నానని ఆయన తన పద్యంలో చెప్పుకున్నాడు. ఆయన వాడిన మాట 'దిదాస్కొమెనోస్'. ధాతువు వేరు, 'నేర్పించుకుంటూ' అనాలి. కానీ నిర్మాణం అదే. 'ఎప్పుడూ' అనే అవ్యయం, దాని తోడుగా ముగియని వర్తమానంలో ఒక విశేషణం. ఆ మాట పెద్ద వయసులో మనిషి ఎలా ఉండాలో చెప్పే సూక్తిగా నిలిచిపోయింది. ప్లేటో కూడా లాకీస్ సంభాషణలో దాన్ని మెచ్చుకోలుగా గుర్తుచేయిస్తాడు. సోలోన్ ఎక్కడికి చేరాడని ఎవరూ అడగలేదు. చేరకపోవడమే ఆయన గొప్పతనం. అదే 'ఎప్పుడూ', అదే ముగియని క్రియ ఆడవాళ్ళ పక్కకి వచ్చేసరికి అవివేకానికి రుజువైంది.

యోహాను సువార్త ఏడో అధ్యాయంలో ఇంకో ఉదాహరణ ఉంది. దేవాలయంలో బోధిస్తున్న యేసుని చూసి జనం ఆశ్చర్యపోతారు. ఏమీ నేర్చుకోని మనిషికి ఇంత పాండిత్యం ఎలా వచ్చిందని. అక్కడా ఇదే ధాతువు, పూర్తయిన పనిని చెప్పే రూపంలో, ముందు 'కాదు' చేర్చుకుని ఉంటుంది. తెలుగు బైబిలు దాన్ని 'చదువుకొనని' అని చక్కగా అనువదించింది. అక్కడ నేర్చుకోకుండా తెలియడం అబ్బురం. ఇక్కడ నేర్చుకున్నా తెలియకపోవడం పరిహాసం. ఈ రెండింటి మధ్య ఎక్కడో, నేర్చుకుంది కాబట్టి తెలిసింది అని ఒక స్త్రీ గురించి మామూలుగా చెప్పే వాక్యం ఉండాలి. నేను వెతికింది ఆ వాక్యం కోసమే.

తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయంలో అలాంటి వాక్యం మొదలైనట్టే ఉంటుంది. స్త్రీ నేర్చుకోవాలి అని ఆజ్ఞ. ఆ కాలంలో అది చిన్న మాట కాదు. జెనొఫోన్ రాసిన గృహనిర్వహణ గ్రంథంలో ఇస్ఖొమాఖొస్ అనే పెద్దమనిషి తన భార్య గురించి చెప్తాడు. పదిహేనేళ్ళయినా నిండకుండా కాపురానికొచ్చిందట. అప్పటిదాకా వీలైనంత తక్కువ చూసేలా, తక్కువ వినేలా, తక్కువ అడిగేలా ఆమెని పెంచారట. ఆ తర్వాత ఆమెకి నేర్పింది భర్తే. అలాంటి లోకంలో స్త్రీని నేర్చుకోనివ్వండి అనడాన్ని మేలు మాటగా చూసే స్త్రీవాద పండితులున్నారు. నాకూ అది నిజమే అనిపిస్తుంది. కానీ ఆ ఆజ్ఞకి ఒక షరతు తగిలించి ఉంది. 'హేసుఖియా'లో నేర్చుకోవాలి. అంటే నెమ్మదిగా, మాట్లాడకుండా.

ఈ రెండు మాటలూ కలిసి కనిపించిన మరో చోటు నాకు తెలుసు. క్రీ.పూ. 399లో సోక్రటీసుని దోషి అని తేల్చాక, నీకు ఏ శిక్ష తగునో నువ్వే చెప్పమన్నారు. ప్లేటో రాసిన 'అపాలజీ'లో ఆయన ఎదురు ప్రశ్న వేస్తాడు. బతుకంతా ఊరుకోకుండా తిరిగినందుకు నాకు ఏం తగును అని. ఆ ప్రశ్నలో 'మథోన్' ఉంది, హేసుఖియా ఉంది. మథోన్ అంటే 'నేర్చుకుని', మన క్త్వార్థకం. ఏథెన్సు వాడుకభాషలో 'తి మథోన్' అనేది ఒక నుడికారం. అక్షరాలా 'ఏం నేర్చుకుని' అని. "ఏం చూసుకునే నీకింత ధైర్యం?" అని మనం అంటాం చూడండి, ఆ ధోరణి. సోక్రటీసు తన గురించి ఆ నుడికారాన్నే వాడుకున్నాడు. ఏం చూసుకుని ఊరుకోకుండా ఉన్నాను నేను, అని. ఊరుకోనందుకు ఆయన్ని చంపారు, నిజమే. అయినా ఇరవై నాలుగు శతాబ్దాలుగా ఆయన్ని గురువనే అంటున్నాం. స్త్రీకి చెప్పిన నేర్చుకోవడంలో ఆ ఊరుకోకపోవడాన్ని ముందే తీసేశారు.

ఆ తర్వాతి వచనం ఇంకా సూటిగా ఉంటుంది. స్త్రీ బోధించడానికి తాను సెలవివ్వనంటాడు రచయిత. ఈ రెండు పత్రికలూ, తీతుకు రాసినదీ కలిపి కాపరి పత్రికలంటారు. పౌలు పోయాక ఆయన పేరు మీద మరొకరు రాశారని చాలామంది పండితుల అభిప్రాయం. ఎవరు రాసినా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. మొదటి పత్రికలో నేర్చుకో, కానీ నేర్పకు అన్నారు. రెండో పత్రికలో ఎప్పుడూ నేర్చుకుంటూనే ఉంటారు, ఎక్కడికీ చేరరు అన్నారు. నేర్చుకున్నది ఇంకొకరికి చెప్పినప్పుడే కదా, మనకి వచ్చిందో లేదో మనకీ పదిమందికీ తెలిసేది! ఆ సమాపక క్రియని వాళ్ళ చేతిలోంచి లాక్కుని, మీ వాక్యం ఎందుకు ముగియదు అని అడగడం ఏం న్యాయం? రెండో పత్రికలోని ఆ ఆడవాళ్ళు ఎవరో కొందరు ప్రత్యేకమైన వాళ్ళే కావచ్చు, అసలు కోపం దొంగ బోధకుల మీదే కావచ్చు. కానీ ఆ వచనాన్ని మా ఊళ్ళో వాడింది దొంగ బోధకుల మీద కాదు.

తెలుగు అనువాదం ఇక్కడ ఇంకో పని చేసింది. గ్రీకులో 'నేర్చుకుంటూ', 'చేరలేక' అనే రెండు మాటల మధ్య ఉన్నది ఒట్టి 'మరియు'. తెలుగులో అది 'నేర్చుకొనుచున్నను' అని అప్యర్థకమైంది. ఎంత నేర్చుకున్నా సరే, అనే నిట్టూర్పు అందులోకి వచ్చి చేరింది. 'మరియు' అని ఉంటే ఎందుకు చేరలేకపోయారు, ఎవరు అడ్డుపడ్డారు అని అడగడానికి చోటుంటుంది. 'అయినను' అంటే తప్పంతా నేర్చుకునేవాళ్ళ బుర్రదే అయిపోతుంది.

మా మామ్మ బైబిలు స్త్రీ. ఈ తరం పాఠకులకి ఆ ఉద్యోగం తెలియకపోవచ్చు. మిషన్లు మన జిల్లాల్లో స్థానిక స్త్రీలకి చదువు నేర్పి, చిన్న జీతమిచ్చి, ఇంటింటికీ పంపేవి. గుమ్మం దాటి రాలేని ఆడవాళ్ళ దగ్గరకి వీళ్ళే వెళ్ళి పాటలు, కథలు, వాటితోపాటు అక్షరాలు నేర్పేవాళ్ళు. మామ్మ తెల్లచీర కట్టుకుని, గుడ్డసంచీ భుజాన వేసుకుని పేటలన్నీ తిరిగేది. వారానికోసారి పాస్టరుగారి దగ్గరకెళ్ళి పాఠం నేర్చుకుని, ఆయన అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పి వచ్చేది. నలభై ఏళ్ళు అలా నేర్చుకుంటూనే ఉంది. మా ఊళ్ళో సంతకం పెట్టగలిగిన ఆడవాళ్ళలో చాలామందికి చెయ్యి పట్టి దిద్దించింది ఆవిడే. ఆదివారం మాత్రం చాపమీద కూర్చుని వినేది. "నువ్వెప్పుడూ పైకెక్కి ప్రసంగం చెయ్యవేం మామ్మా?" అని అడిగాను ఒకసారి. "నేను నేర్చుకునేదాన్ని గదే, చెప్పేదాన్ని కాదు" అంది. బాధగా కూడా అనలేదు. పేరు చెప్పినంత తేలిగ్గా అంది.

ఇంటింటికీ తిరగడం గురించి కూడా ఆ మొదటి పత్రికలో ఒక మాటుంది. ఐదో అధ్యాయంలో, వయసులో ఉన్న విధవలు ఇళ్ళ వెంట తిరుగుతూ సోమరితనం నేర్చుకుంటారంటాడు. అక్కడ క్రియ 'మంథనూసిన్', నేర్చుకుంటారు. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యం కుదురుగా లేదు. ఒక పని చెయ్యడం నేర్చుకోవడం అనాలంటే ఈ ధాతువు పక్కన తుమర్థకం రావాలి. అది లేదు. 'తిరుగుతూ' అనే విశేషణం ఉంది. అలా విశేషణంతో వస్తే ఈ ధాతువుకి 'తన స్థితిని తాను గ్రహించడం' అని అర్థం. ఈ చిక్కు విడిపోవాలని కొందరు మొదటి అక్షరాన్ని మార్చి 'లంథనూసిన్' అని చదవమన్నారు. అంటే ఎవరి కంటా పడకుండా ఉంటారు అని. నేర్చుకోవడానికీ కనపడకుండా పోవడానికీ మధ్య దూరం ఒక్క అక్షరం. మామ్మ విషయంలో ఈ రెండు పాఠాలూ నిజమే.

గ్రహించడం అనే ఆ వాడుకకి ఒక ఉదాహరణ హెరొదొతస్ చరిత్రలో, మూడో సంపుటం మొదట్లోనే ఉంది. ఈజిప్టు రాజు అమాసిస్ తన కూతుర్ని ఇవ్వడం ఇష్టంలేక, పాత రాజు కూతురు నితేతిస్‌ని తన కూతురని చెప్పి పర్షియా రాజు కంబుసెస్‌కి పంపాడట. అక్కడికి వెళ్ళాక ఆమె రాజుతో, అమాసిస్ నిన్ను మోసం చేశాడు, ఆ సంగతి నువ్వు గ్రహించడం లేదు అని చెప్పిందట. 'గ్రహించడం లేదు' అనేచోట ఉన్నది మంథనో ధాతువే. వస్తువులా చేతులు మారిన ఒక ఆడపిల్ల, ఒక చక్రవర్తితో నువ్వింకా నేర్చుకోలేదు అంటోంది. హెరొదొతస్ దాన్ని పర్షియన్లు చెప్పుకునే కథగానే చెప్పాడు. కథైనా సరే, ఆ క్రియని స్త్రీ నోట వినడం నాకు నచ్చింది.

ఇదంతా పాత కాలం సంగతనుకోవడానికి లేదు. మన విశ్వవిద్యాలయాల్లో సెలక్షన్ కమిటీల ముందు కూర్చున్నవాళ్ళకీ, కమిటీల్లో కూర్చున్నవాళ్ళకీ ఈ వ్యాకరణం బాగా తెలుసు. యాభై ఏళ్ళ ప్రొఫెసరు నేనింకా విద్యార్థినే అంటే చప్పట్లు కొడతారు. అదే మాట ఒక స్త్రీ అంటే నిజమే కాబోలనుకుని ఊరుకుంటారు. పిల్లలు పెద్దయ్యాక పిహెచ్.డి.లో చేరిన నా స్నేహితురాలిని ఆమె శాఖలో అడిగింది ఒకటే ప్రశ్న, ఇంకా చదువుతూనే ఉన్నారా అని. నాలుగు పుస్తకాలు రాసిన రచయిత్రి గురించి 'ఎదుగుతున్న కలం' అని సమీక్ష రావడం మనం చూడనిదా? నాకు సోలోన్ 'ఎప్పుడూ' కావాలి. నేర్చుకోవడం మానేసి గురువునైపోయానని చెప్పుకోవాలన్న కోరిక నాకు లేదు. ముగియని క్రియలో నాకే ఇబ్బందీ లేదు. అది ముగియలేదని తీర్పు చెప్పే హక్కు ఎప్పుడూ అవతలివాళ్ళ దగ్గరే ఉండటంతోనే ఇబ్బంది.

కొన్ని వాక్యాలు ముగిశాయి కూడా. అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో యొప్పేలో ఉన్న తబితాని 'మథేత్రియా' అన్నారు, శిష్యురాలు అని. కొత్త నిబంధన మొత్తంలో ఆ స్త్రీరూపం వచ్చేది ఆ ఒక్కసారే. చిన్ని ఆడది అనకుండా, నపుంసకం చెయ్యకుండా, నేర్చుకున్న మనిషి అని ఆమెకో పేరుంది. మన దగ్గర 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల డయాసిస్‌కి బిషప్ అయ్యారు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో బిషప్ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆవిడ. మామ్మ అప్పటికి లేదు.

ఇక ఆ మూడో అధ్యాయంలోనే, మంథనొంత తర్వాత ఏడు వచనాలు దాటితే, అదే ధాతువు మళ్ళీ వస్తుంది. ఈసారి తిమోతి గురించి. నువ్వు నేర్చుకున్నవాటిలో నిలిచి ఉండు అంటాడు రచయిత. 'ఎమథెస్', నేర్చుకున్నావు. పురుషుడి దగ్గరకి రాగానే క్రియ సమాపకమైంది, పని పూర్తయింది. కానీ ఆ వెంటనే, ఎవరి దగ్గర నేర్చుకున్నావో గుర్తుంచుకో అని కూడా అంటాడు. పసితనం నుంచీ నీకు లేఖనాలు తెలుసు కదా అంటాడు. ఇల్లు దాటని పసివాడికి నేర్పిందెవరు? పత్రిక మొదటి అధ్యాయంలోనే ఇద్దరి పేర్లున్నాయి. అతని అమ్మమ్మ లోయి, తల్లి యునీకే. అక్కడ అవ్వ అనడానికి వాడిన గ్రీకు మాట 'మమ్మే'. చదవగానే మా గోదావరి యాసలోకి వచ్చిపడ్డట్టయింది.

ఎవరి దగ్గర అనే ఆ మాట దగ్గర ప్రతులు తేడా పడతాయి. కొన్నిటిలో అది ఏకవచనం, అంటే పౌలు ఒక్కడి దగ్గరే అనుకోవచ్చు. పాత ప్రతులు కొన్నిటిలో బహువచనం, అప్పుడు ఆ ఇద్దరు ఆడవాళ్ళూ లెక్కలోకొస్తారు. నేటి ప్రామాణిక గ్రీకు పాఠం బహువచనాన్నే తీసుకుంది. తెలుగులో ఈ పేచీ లేదు. 'ఎవరు' అంటే ఒకరైనా కావచ్చు, పదిమందైనా కావచ్చు, ఆడవాళ్ళైనా మగవాళ్ళైనా కావచ్చు. ఇంత మంచి ప్రశ్నార్థకం మన భాషలో ఉంది. నేర్చుకోవడం పూర్తయిందని చెప్పుకునే ప్రతి ఒక్కరినీ మనం అడగవలసింది దానితోనే. ఎవరి దగ్గర నేర్చుకున్నావు?